పొదల దగ్గర పడ్డవాడు

మా దీవిలో ఏటా అక్టోబరు రెండో శనివారం సముద్రపు దొంగలు చస్తారు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, రెండూ నలభై కల్లా అందరినీ చంపేస్తాం. మూడున్నర ఫెర్రీకి జనం వెనక్కి వెళ్ళాలి మరి.

మూడు వందల ఏళ్ళ కిందట ఎజ్రా క్వేల్ అనే దొంగల నాయకుణ్ణీ అతని మనుషుల్నీ గవర్నరు సైనికులు మా ఇసుకతిన్నెల మీదే చుట్టుముట్టి పట్టుకున్నారట. ఆ పోరాటాన్నే మళ్ళీ ఆడి చూపిస్తాం. ఆడేవాళ్ళు మగవాళ్ళు. ఆడించేది నేను, ఇవడీన్ ఫుల్చర్‌ని. కౌంటీ అనుమతి, ఫైర్ స్టేషన్ ఉత్తరం, ఇన్సూరెన్సు, ఆటుపోట్ల పట్టిక, అంబులెన్సు, చివరికి మరుగుదొడ్ల బండి కూడా నా చేతుల మీదుగానే వస్తాయి. బట్టలు కుట్టేదీ నేనే. నార చొక్కాలు, మోకాళ్ళ కిందికి దిగే వదులు లాగులు, ఉన్ని కోట్లు, కొయ్య బొత్తాలు. పాలియెస్టర్ పోగు ఒక్కటి కనిపించినా లోపలికి పోనివ్వను. చూడ్డానికి బాగుండదని కాదు. తుపాకి మందు రవ్వ పడితే నార కాలుతుంది, పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

పోరాటానికి ముందు ఇరవై నాలుగు మంది, జనాన్ని ఆపడానికి కట్టిన రెండు మోకుల మధ్య వదిలిన సందులోంచి ఇసుకలోకి వెళతారు. ఒక్కొక్కరూ దాటుతుంటే భుజం మీద అరచెయ్యి వేసి లెక్కపెడతాను. ముఖాలు చూడను. తుపాకీలో చెకుముకి రాయి గట్టిగా బిగించి ఉందా, చేతికి గడియారం మరిచిపోయి వచ్చాడా, ఇవే చూస్తాను. ముఖాలు చూస్తే పలకరింపులు మొదలవుతాయి, లెక్క తప్పుతుంది.

ఏడేళ్ళ కిందట మా ఆయన రాయ్స్ ఆ ఇసుకలోనే చనిపోయాడు. మరుసటి ఏడాది మళ్ళీ మోకు దగ్గర నిలబడి లెక్కపెడితే ఇరవై ఐదు వచ్చింది.

తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఆ తరువాతి ఏడాదీ అంతే. వెళ్ళేవాళ్ళు ఇరవై ఐదు, వచ్చేవాళ్ళు ఇరవై నాలుగు. ఇరవై ఐదింటిలో ఒక భుజం మాత్రం, రాత్రంతా పడవ మీద ఆరేసి మరిచిపోయిన బట్టలా, తడిగా, చల్లగా తగిలేది. నేను తల ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే అది ఉండదని భయమో, ఉంటుందని భయమో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, "పాపం ఇవడీన్, ఇక ఈ పని ఇంకెవరైనా చూసుకుంటారులే" అంటారు. ఈ తంతు ఆగిపోతే ఆయన ఎక్కడికని వస్తాడు?

ఈ తంతు మొదలుపెట్టింది రాయ్సే. రొయ్యల పడవ నడిపేవాడు. వల బాగుచేస్తూ క్వేల్ కథలు చెబుతుంటే పడవ మీది పనివాళ్ళు పని మానేసి వినేవారు. ఆయనకు నాయకుడి వేషం ఎప్పుడూ వద్దు. మూడో విడత తుపాకులు పేలినప్పుడు మైర్టిల్ పొదల దగ్గర పడి చచ్చే దొంగ వేషమే కావాలి. "నాయకుడు బోలెడు మాట్లాడాలి, ఇవడీన్. చచ్చినవాడికి హాయి, పడుకుని ఆకాశం చూడొచ్చు," అనేవాడు.

ఆయనకు ఎదురు వరసలో, గవర్నరు సైనికుడి వేషంలో, ఆయన పిన్ని కొడుకు డెల్మస్ గాస్కిల్ ఉండేవాడు. ఇద్దరూ ఒకే పడవ మీద పెరిగినవాళ్ళు. ఆ రోజు డెల్మస్ తుపాకీ రెండు సార్లు పేలలేదు. మందు గొట్టంలో అట్టకట్టింది. హడావుడిగా ఇనుప కమ్మీతో మందు కూరి, కమ్మీ తియ్యడం మరిచిపోయి ట్రిగ్గరు నొక్కాడు. మా తుపాకుల్లో గుండు ఉండదు, మందే ఉంటుంది. కానీ ఆ కమ్మీ ముప్ఫై అడుగులు దాటి వెళ్ళి రాయ్స్ ఛాతీలో దిగింది.

ఎలాగూ ఆ విడతకే పడాల్సినవాడు పడ్డాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. కత్తుల పోరు సాగింది. క్వేల్ దొరికాడు. అందరూ టోపీలు పైకెత్తారు. చచ్చినవాళ్ళంతా నవ్వుకుంటూ ఇసుక దులుపుకుని లేచారు. ఒక్క రాయ్స్ లేవలేదు.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అది ప్రమాదమే. అప్పటి నుంచి కమ్మీలు ఇసుకలోకి పోవు, గుడారంలోనే ఉంటాయి. డెల్మస్ మాత్రం దీవి వదిలి, అవతలి ఒడ్డున పడవలు బాగుచేసే చోట పనికి కుదిరాడు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఫెర్రీ ఎక్కలేదు.

ఈ ఆగస్టులో ఎక్కాడు.

అప్పుడు నేను వంటింట్లో డాక్టర్ వెండల్ ప్రూయిట్‌ను స్టూలు మీద నిలబెట్టి కోటు అంచు మడుస్తున్నాను. వెండల్ పళ్ళ డాక్టరు, అయిదేళ్ళుగా మా క్వేల్. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఆగదు.

"బొత్తాలు ఇరవై ఉండాలండీ ఇవడీన్ గారూ. పద్దెనిమిదే కుట్టారు. చూసినవాళ్ళు నవ్విపోతారు."

"మీ బొత్తాలు లెక్కపెట్టడానికి ఫెర్రీ ఎక్కి వచ్చేవాడెవడండీ? కదలకండి, సూది గుచ్చుకుంటుంది."

జాలీ తలుపు మీద ఎవరో తట్టారు. "వదినా, లోపలికి రావచ్చా?"

ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను. అప్పుడే గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను కాబట్టి జవాబు చెప్పకుండా ఉండటానికి ఒక సాకు దొరికింది.

"ఎవరండీ?" అన్నాడు వెండల్. "టికెట్లైతే ఫెర్రీ దగ్గర ఇస్తారు."

"నేను డెల్మస్ గాస్కిల్‌ని."

అయిదేళ్ళలో మొదటిసారి డాక్టరుగారి నోరు మూతపడింది.

డెల్మస్ లోపలికి వచ్చి టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. నేను సూదులు తీసి పళ్ళెంలో పెట్టాను.

"ఏం కావాలి?" అన్నాను. కూర్చోమనలేదు.

"ఈ ఏడాది ఆటలో నాకొక వేషం ఇవ్వు, వదినా. తుపాకీ వద్దు. కత్తీ వద్దు. రాయ్స్ అన్న పడ్డచోట పడతాను. అయిపోయేదాకా కదలను."

"సరదాగా ఉంటుందనా?"

"సరదాకి రాలేదు."

"డాక్టరుగారూ," అన్నాను, "ఆ కోటు విప్పి, పెరట్లో అత్తిపళ్ళు రాలిపోతున్నాయి, కాసిని కోసి పెట్టండి."

"దీన్నిండా సూదులున్నాయండీ."

"మెల్లిగా విప్పండి."

అతను కోటు విప్పకుండానే ముళ్ళపందిలా చేతులు ఎడంగా పెట్టుకుని బయటికి పోయాడు. డెల్మస్ అడక్కుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"నీకొకటి చెప్పాలి. పోలీసులకీ చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు." టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ చెప్పాడు. "పేలగానే తుపాకీ చూసుకున్నాను. గొట్టం కింద కమ్మీ దోపుకునే చోటు ఖాళీగా ఉంది. అప్పుడే తెలిసింది నాకు. అన్న పడటం చూశాను. అది ఆటలో పడటమో, నిజంగా పడటమో తెలీలేదు. తలమీదుగా పోయి నీళ్ళలో పడుంటుంది, పడుంటుంది అనుకుంటా నిలబడ్డాను. అరిస్తే ఆట ఆగిపోయేది. ఆగిపోయి, అన్న లేచి కూర్చుని, 'ఏరా పిరికి వెధవా' అని నవ్వితే? జనమంతా చూస్తున్నారు. ఊరుకున్నాను, వదినా. ఆరు నిమిషాలు ఊరుకున్నాను."

"ఆరు?"

"ఆరు. ఎవరో తీసిన వీడియో ఉంది. ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు."

ఆ వీడియో నేనూ చూశాను. ఒక్కసారే. అందులో బొమ్మ వణుకుతుంది గానీ మాటలు స్పష్టంగా ఉంటాయి. ఆ మాటలు నావి. ఆ రోజు కూడా జనానికి కథ చెప్పే మైకు నా చేతిలోనే ఉంది.

"అదిగో, ఆ పొదల దగ్గర పడినాయన మా ఆయనే," అన్నాను జనంతో. "చూశారా ఎంత బాగా చచ్చాడో! ఇంట్లో చెత్తబుట్ట బయట పెట్టి రమ్మంటే కూడా సరిగ్గా ఇలాగే పడిపోతాడు. ఎంత పిలిచినా లేవడు."

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగేసరికి ఇంకొకటి అన్నాను, ఇంకొకటి అన్నాను. ఆయన అక్కడ పడి ఉన్నంతసేపూ ఆయన మీదే జోకులు వేస్తూ ఉన్నాను. అప్పటికి ఆయన ప్రాణం పోయిందో లేదో ఎవరూ నాకు చెప్పలేదు. ఆసుపత్రి డాక్టరు మాత్రం, "మరీ ఎక్కువసేపు ఉండి ఉండడు," అన్నాడు. ఎక్కువసేపు అంటే ఎంత అని నేను అడగలేదు.

"నువ్వు తెలీక అన్నావు," అన్నాడు డెల్మస్, నా మనసులోది చదివినట్టు. "నేను తెలిసి ఊరుకున్నాను."

"నువ్వు అరిచి ఉంటే బతికేవాడా?"

"ఏమో వదినా. అది అటో ఇటో తేలితే నిద్రయినా పట్టేది."

లేచి, కడిగేసిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను. కొట్టాలనిపించింది. బయటికి గెంటాలనిపించింది. ఏడేళ్ళుగా ఆ ఆరు నిమిషాల్లో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. ఇంకొకడూ అందులోనే ఉన్నాడని తెలిసేసరికి కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేతులు తుడుచుకుని టేపు తీశాను.

"లే. ఛాతీ కొలవాలి. సగమైపోయావు."

*

అక్టోబరు రెండో శనివారం ఎండగానే ఉంది. గాలి మాత్రం నీళ్ళ వైపు నుంచి గట్టిగా వీచింది. పన్నెండు కల్లా రెండు ఫెర్రీల జనం దిగారు. చర్చివాళ్ళు వేయించిన చేపలూ మొక్కజొన్న ఉండలూ అమ్ముతున్నారు. వెండల్ ఇరవై బొత్తాల కోటులో పిల్లలతో ఫొటోలు దిగుతూ, "రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోకపోతే కత్తితో పొడుస్తా" అని బెదిరిస్తున్నాడు.

రెండుకు అయిదు నిమిషాలుందనగా మోకు దగ్గర నిలబడ్డాను. డెల్మస్‌తో కలిపి ఈసారి జాబితాలో ఇరవై నాలుగు. భుజం మీద చెయ్యి, చెకుముకి రాయి, మణికట్టు. ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిదో భుజం డెల్మస్‌ది. తట్టి పంపాను.

పంతొమ్మిదోది తడిగా ఉంది.

అరచెయ్యి అక్కడే ఉండిపోయింది. ఈసారి తల ఎత్తుదామనుకున్నాను. ఎత్తాను కూడా, కానీ ఆ భుజం వైపు కాదు, ముందు నడుస్తున్న డెల్మస్ వైపు. రెండడుగులు వేసిన డెల్మస్ ఆగాడు. వెనకాల ఎవరో తొందరగా వస్తుంటే మనం పక్కకు తప్పుకుంటామే, అలా మోకు వైపు ఒదిగి నిలబడ్డాడు. ఎవరో దాటిపోయేంతసేపు ఆగి, మళ్ళీ నడిచాడు. అతని ముఖం నాకు కనిపించలేదు.

నా అరచెయ్యి గౌనుకు తుడుచుకుని మిగతావాళ్ళను లెక్కపెట్టాను. ఇరవై ఐదు.

ఆట మొదలైంది. మైకులో నేను ఎప్పటిలాగే కథ చెప్పాను. క్వేల్ ఎవరు, గవర్నరుకు ఎందుకంత కోపం, ఏ వైపు నుంచి సైనికులు దిగారు. మొదటి విడత తుపాకులు పేలాయి. రెండో విడత. తెల్లటి పొగ గాలికి జనం మీదికి వచ్చింది. మూడో విడతకు డెల్మస్ చేతులు చాచి మైర్టిల్ పొదల దగ్గర వెల్లకిలా పడ్డాడు.

అప్పుడు నేను చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసే ఉన్నాయి. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. మైకు మూతి దగ్గర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇసుకలో మగవాళ్ళు కత్తులు తిప్పుతున్నారు. జనం నా వైపు తిరిగి చూడటం మొదలుపెట్టారు. మైకు చూసే అతను తీగలు లాగి చూశాడు. నేను పొదల వైపే చూస్తున్నాను. అక్కడ పడి ఉన్నది ఒక్కరా, ఇద్దరా అని చూస్తున్నాను. ఆరు నిమిషాలు అంత పొడుగు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టొచ్చు. ఒకరికి ఉత్తరం రాయొచ్చు. పరుగెత్తుకుని వెళ్ళి ఒక మనిషి తలను ఒళ్ళో పెట్టుకోవచ్చు.

క్వేల్ దొరికాడు. టోపీలు పైకి లేచాయి. చచ్చినవాళ్ళు లేచారు. డెల్మస్ లేవలేదు.

మైకు ఎక్కడ పడేశానో తెలియదు. మోకు కిందుగా దూరి పరుగెత్తాను. అరవై రెండేళ్ళ దాన్ని, వేషం కోసం వేసుకున్న మూడు లంగాలు కాళ్ళకు అడ్డం. ఇసుకలో రెండుసార్లు పడ్డాను. వెనక నుంచి జనం చప్పట్లు కొడుతున్నారు, ఇదీ ఆటలో భాగమే అనుకుని.

డెల్మస్ కళ్ళు తెరిచి ఆకాశం చూస్తున్నాడు.

"డెల్మస్! లే! లేవరా!"

కళ్ళు నా వైపు తిప్పాడు. "అయిపోయిందా, వదినా?"

పక్కన కూలబడ్డాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. అతని ముఖం తడిసిపోయి ఉంది, కానీ ఏడుపు కాదు, ఇంకేదో.

"వినపడలేదు, వదినా. ఇక్కడికి ఏమీ వినపడదు. చెవులు రిక్కించుకునే పడుకున్నాను. కత్తుల చప్పుడొచ్చింది, గాలి చప్పుడొచ్చింది. నీ మైకులో మాట ఒక్కటంటే ఒక్కటి రాలేదు." నా చెయ్యి నొప్పెట్టేలా నొక్కాడు. "అన్న వినలేదు. నువ్వన్న మాటలు అన్న చెవిన పడలేదు. నీకు ఇది చెప్పడానికే దేవుడు నన్ను ఇక్కడ పడుకోబెట్టాడు."

తిరిగొచ్చాక అతని ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి. నేను మాట్లాడనే లేదని ఎలా చెప్పను? చెప్పలేదు. లేపి నడిపించుకుని వచ్చాను. మోకు దగ్గర లెక్కపెడితే ఇరవై నాలుగు.

*

ఆదివారం పొద్దున వెండల్, డెల్మస్ ఇద్దరూ గుడారాలు విప్పడానికి వచ్చారు. ముగ్గురం ఇసుకతిన్నె మీద కూర్చుని అత్తిపళ్ళ కేకు తింటున్నాం. వెండల్ నోరు ఎప్పటిలాగే నడుస్తోంది.

"అంతా బాగుంది గానీ, ఆ మైకువాడికి వచ్చే ఏడాది ఇవ్వకండి ఇవడీన్ గారూ. మంచి పట్టులో ఉండగా మైకు పోతే ఎలా? నేను దొరికిపోతూ చెప్పే మాటలు ఎవరికీ అర్థం కాలేదు."

డెల్మస్ నములుతున్నవాడల్లా ఆగాడు. "మైకు పోయిందా?"

"మూడో విడత నుంచి చివరిదాకా గప్‌చుప్. మీకు తెలీదూ?"

డెల్మస్ కేకు ముక్కను కాగితంలో పెట్టేశాడు. నా వైపు చూడలేదు. ముఖంలో నిన్నటి వెలుగు నా కళ్ళముందే ఆరిపోయింది. లేచి, "మైకు ఇంకా ఇక్కడే ఉందిగా," అన్నాడు. "ఎవరైనా మాట్లాడండి. నేను మళ్ళీ పడుకుంటాను."

"నువ్వు కాదు," అన్నాను. "నేను."

"వదినా—"

"మా ఆయన పడుకున్న చోటు. నేను పడుకుంటాను. నువ్విక్కడే ఉండు."

వెండల్‌కు సంగతి సగమే అర్థమైంది. అయినా ఎందుకని అడగకుండా మైకు తీగ కలిపాడు. అందుకు అతణ్ణి ఎప్పటికీ మరిచిపోను. "ఏం మాట్లాడమంటారు?" అన్నాడు.

"ఏదో ఒకటి. మీకు మాటలకు కరువా?"

"సరే. వినపడితే చెయ్యి ఎత్తండి. ఇక్కణ్ణించి కనపడుతుంది."

గాలి నిన్నటిలాగే నీళ్ళ వైపు నుంచి వీస్తోంది. నడుచుకుంటూ వెళ్ళి పొదల దగ్గర వెల్లకిలా పడుకున్నాను. వీపుకు ఇసుక చల్లగా తగిలింది. ఆకులు ఎండకు ఘాటుగా వాసన వేస్తున్నాయి. పైన మబ్బు ఒక్కటి లేదు. రాయ్స్ అన్నట్టు చచ్చినవాడికి ఆకాశం బాగానే కనిపిస్తుంది.

"హలో, హలో," అన్నాడు వెండల్.

నా చెవి పక్కన కూర్చుని అన్నట్టు వినిపించింది.

"ఇవడీన్ గారూ, ఇప్పుడు నేను పళ్ళ గురించి చెప్పబోతున్నాను. వెనకపళ్ళు ఎవరూ సరిగ్గా తోమరు. మీరూ తోమరు, నాకు తెలుసు." మాటకూ మాటకూ మధ్య అతను గుటక వెయ్యడం కూడా వినిపించింది. స్పీకర్ల నుంచి వచ్చిన ప్రతి మాటనూ వెనకున్న ఇసుకతిన్నె తీసుకొచ్చి పొదల దగ్గర పోస్తోంది. గాలి దాన్ని ఏమీ చేయలేకపోతోంది.

అంటే ఆయన విన్నాడు. చెత్తబుట్ట మాట విన్నాడు. తరువాతి మాటలూ విన్నాడు. జనం నవ్వడం విన్నాడు, జనంతోపాటు నేను నవ్వడం విన్నాడు. చెయ్యి ఎత్తే బలం ఉండి ఉంటే ఎత్తేవాడు. నా జోకులకు, అవి ఎంత చప్పగా ఉన్నా, పెళ్ళయిన నాటి నుంచీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వబోయాడేమో. నేను వస్తానని ఎదురుచూశాడేమో. ఈ రెండింటిలో ఏది నిజమైనా నేను చేయగలిగింది లేదు.

"వినపడితే చెయ్యెత్తండి," అన్నాడు వెండల్.

నా కుడిచెయ్యి దానంతట అదే లేవబోయింది. మణికట్టు దాకా ఇసుకలోకి దూర్చి అదిమి పెట్టాను.

"ఇవడీన్ గారూ? వినపడుతోందా?"

తల కొంచెం పక్కకు తిప్పితే మోకు దగ్గర డెల్మస్ కనిపించాడు. టోపీ ఛాతీకి అదుముకుని, నా చెయ్యి లేస్తుందేమోనని చూస్తున్నాడు. అంత దూరం నుంచి కూడా అతను ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. ఈ భారం ఇద్దరం మోస్తే సగం సగమవుతుందని ఎవరైనా అంటారేమో. కాదు. ఇద్దరి మీదా పూర్తి బరువే ఉంటుంది, అంతే.

చాలాసేపు అలాగే పడుకున్నాను. ఆరు నిమిషాలకు తక్కువ కాకుండా. తరువాత లేచి, గౌను దులుపుకుని, వాళ్ళ దగ్గరికి నడిచాను.

"వదినా?" అన్నాడు డెల్మస్.

"గాలి," అన్నాను. "గాలి తప్ప ఏమీ లేదు."

అతను తల వంచుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని, అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు. నేను పక్కనే నిలబడి, వంగిన అతని భుజం మీద చెయ్యి వేశాను. ఎండకు వెచ్చగా ఉంది.

వెండల్ మైకు పక్కన పెట్టి, మాకు వీపు తిప్పి, మోకులు చుట్టడం మొదలుపెట్టాడు.